కన్ను పెద్దల్లుడిది, చెయ్యి చిన్నల్లుడిది

సైటు అనే మాటకి మనవాళ్ళు అంటగట్టినన్ని పనులు ఇంకే మాటకీ అంటగట్టలేదు. ఇంటి స్థలం కొంటే సైటు, చత్వారం వస్తే సైటు, బస్టాపులో కుర్రాడు మెడ తిప్పితే సైటు. ఈ కథలో సైటు ఈ మూడూ కాదు. రైఫిలు గొట్టం చివర, ముక్కు మీద మొటిమలా నిలబడే ఇనప ముక్క. దాని అడుగున గొట్టాన్ని ఉంగరంలా పట్టుకునే దిమ్మ ఉంటుంది. దుకాణంలో దాన్ని బేసు అంటారు. బేసు ఎప్పుడూ సరిగ్గా ఉండాలి. సరి, బేసి అని చిన్నప్పుడు నేర్చుకున్న లెక్క ఇక్కడ చెల్లదు.

మామగారి తుపాకుల మరమ్మతు దుకాణంలో మూడు బల్లలు. కిటికీ పక్క బల్ల మామగారిది. ఆ వీధిలోకి వచ్చే ఎండంతా ముందు దాని మీద సంతకం పెట్టి గానీ ముందుకి కదలదు. మిగతా రెండు బల్లలకీ బల్బులే దిక్కు. అందులో ఒకదాని దగ్గర పెద్దల్లుడు తుపాకి మడమలకి, అంటే భుజానికి ఆనించుకునే కర్ర భాగానికి, పాలిష్ పడుతూ జుట్టు నెరిపించుకున్నాడు. రెండోదాని దగ్గర చిన్నల్లుడు. నిన్న మొన్న వచ్చినవాడు. అతని పిల్లలు ఇద్దరూ బడికి వెళ్తున్నారు గానీ, పెద్దల్లుడి లెక్కలో నిన్న మొన్నే.

లోకం వాళ్ళని తోడల్లుళ్ళు అంటుంది. పెద్దల్లుడు మనసులో ఆ మాటని తోడేలు దగ్గరే ఆపేసేవాడు. ఎవరైనా పెద్దమనిషి నిండుగా షడ్డకుడు అంటే, "షడ్డకుడు కాదండీ, అడ్డకుడు" అని పళ్ళ సందు నుంచి దిద్దేవాడు. కారణాలు అడిగితే బోలెడు. చిన్నల్లుడు పొడుగు. చిన్నల్లుడి జుట్టు నలుపు. బేరానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ముందు అతన్నే పలకరిస్తారు. ఇంట్లోంచి అత్తగారు టీ పంపిస్తే చిన్నల్లుడి గ్లాసులో మీగడ తేలుతుంది, పెద్దల్లుడి గ్లాసులో ఈగ తేలుతుంది.

అయినా పెద్దల్లుడికి ఒక ఆస్తి ఉంది. కన్ను.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కొత్త బేసు బిగించే పని ఒక్కరు చెయ్యకూడదు. రైఫిలుని కిటికీ బల్లకి ఉన్న వైసులో, అంటే ఇనప బిగింపులో, పట్టించి, వెనక సైటు మీద ఒక ఇనప బద్ద, ముందు బేసు మీద ఒక ఇనప బద్ద అడ్డంగా పెడతారు. ఒకడు గొట్టం దగ్గర నిలబడి చెక్క సుత్తితో బేసుని అటూ ఇటూ తడతాడు. వాడు చెయ్యి. ఇంకొకడు మడమ వైపు గుమ్మంలో నిలబడి ఆ రెండు బద్దలూ ఒకదానికొకటి సమంగా ఉన్నాయో లేదో చూస్తాడు. వాడు కన్ను. చెయ్యి అయినవాడు తలెత్తి చూడకూడదు. తన పని తనకెప్పుడూ నిటారుగానే కనిపిస్తుంది గనక. కన్ను అయినవాడు మూడే మాటలు అనాలి. కుడి, ఎడమ, ఆగు. "ఆగు" అన్నాక చెయ్యి రంధ్రం వేసి పిన్నులు దిగ్గొడుతుంది. తరవాత వంకర తేలితే తిట్లు కన్నుకే.

ఇన్నేళ్ళూ మామగారు చెయ్యి, పెద్దల్లుడు కన్ను. మామగారికి అతని కన్నంటే గురి. గుమ్మం పక్క చెక్క మీద పెద్దల్లుడి తల ఆనే చోట నూనె మరక ఒకటి రూపాయంత మొదలై అరచెయ్యంత అయింది. తల వెనక్కి ఆనించకపోతే మెడ తెలియకుండానే ఒక పక్కకి వాలుతుంది, మెడ వాలితే లోకం వాలుతుంది. ఆ కిటుకు మామగారు అతనికి ఒక్కడికే చెప్పారు.

"మరి నన్నెప్పుడు కిటికీ బల్ల దగ్గర కూర్చోబెడతారు?" అని పెళ్ళైన కొత్తలో అడిగాడు.

"నీది ఎడమచేతి వాటం అల్లుడూ. ఈ వైసు కుడిచేతి వాడి కోసం బిగించింది. నువ్వు సుత్తి ఎత్తితే మోచెయ్యి గోడకి కొట్టుకుంటుంది" అన్నారు మామగారు. అంతే. గోడ ఉన్నంతకాలం మాట చెల్లింది.

ఇప్పుడు మామగారి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే షూటింగు క్లబ్బు కోచ్ తన రైఫిలు పట్టుకొచ్చింది. స్టాండు విరిగి కిందపడిందట. ముందు సైటు బేసు నేలకి ముద్దు పెట్టి మూతి వంకర చేసుకుంది.

"పోటీలు దగ్గరికొచ్చాయి మామగారూ. సాయంత్రానికి కావాలి" అంది. ఊళ్ళో అందరికీ ఆయన మామగారే.

"అవుతుందమ్మా" అని ఆయన గుండు కూర్చునే గుల్ల ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూసి, బోల్టు తీసి సొరుగులో పడేసి, అల్లుళ్ళ వైపు తిరిగారు. "నేను కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలి. చెయ్యి చిన్నల్లుడిది, కన్ను పెద్దల్లుడిది. ఆపరేషను అయ్యాక నేనిక సుత్తి పట్టను. ఈ పని చూసి, కిటికీ బల్ల ఎవరిదో ఇవాళే చెప్పేస్తాను."

పెద్దల్లుడి కడుపులో అగ్గిపుల్ల గీసినట్టయింది.

మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చింది. మామగారి పెద్దకూతురు. దుకాణంలో సుత్తులన్నీ కలిసినా ఆమె నాలుకంత సూటిగా దెబ్బ వెయ్యలేవు.

"ఏమండీ, ముఖం అలా మాడిందేం? మా చెల్లెలి మొగుడు నవ్వాడా?"

"నవ్వనీ. మీ నాన్న బల్ల అతనికి రాసిచ్చేస్తున్నారు."

"రాసివ్వడానికి అదేమైనా పొలమా? పని చూసి చెప్తానన్నారుగా."

"ఏ పని చూస్తారు? రంధ్రం కనిపిస్తుంది, పిన్ను కనిపిస్తుంది. అదంతా చేతి పని. కన్ను చేసిన పని ఎవడి కంటికి కనిపిస్తుంది?"

"అదీ నిజమే" అంది ఆమె మూత పెడుతూ. "కన్నుకి బల్లెందుకు, నిలబడేగా చూసేది. మీకు గుమ్మమే గతి. తలకి ఇంకాస్త నూనె రాసుకోండి, మరకైనా పెరుగుతుంది."

ఆవిడ వెళ్ళిపోయింది. మంట మాత్రం అక్కడే కూర్చుంది.

చిన్నల్లుడు పాత బేసు విప్పడం మొదలుపెట్టాడు. దాన్ని పట్టి ఉంచే పిన్నులు శంకులా ఒక కొస లావు, ఒక కొస సన్నం. సన్నం వైపు నుంచి కొడితేనే బయటికొస్తాయి. లావు వైపు కొట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి, అలిగిన అల్లుళ్ళలాగే. అందుకే ఈ దుకాణంలో లావు కొస ఎప్పుడూ తుపాకికి కుడివైపే ఉండాలి. పదేళ్ళ తరవాత ఎవడు విప్పినా వెతుక్కోనక్కర్లేదు. చిన్నల్లుడు ఎడమవైపు నుంచి టకటకా కొట్టాడు. పిన్నులు మంచి పిల్లల్లా బయటికొచ్చాయి. కాస్త వేడి చేసి బేసు లాగేశాడు. గొట్టం తుడిచి, రంధ్రాలు లేని కొత్త బేసు ఎక్కించాడు. పెద్దల్లుడు తప్పు కోసం వెతికాడు. దొరకలేదు. దొరక్కపోవడమే పెద్ద తప్పుగా కనిపించింది.

"అన్నయ్యా, రండి. చూడండి" అన్నాడు చిన్నల్లుడు తల దించుకుని.

పెద్దల్లుడు గుమ్మంలో నిలబడి తల ఆనించాడు. బద్దలు రెండూ చూశాడు. బేసు వెంట్రుకవాసి కుడికి ఉంది.

"ఎడమ" అన్నాడు. చిన్నల్లుడు తట్టాడు. సమానమైంది. నీళ్ళు నిలబడేంత సమానం. "ఆగు" అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే బల్ల పోతుంది.

"ఎడమ" అన్నాడు మళ్ళీ.

టక్.

"కుడి."

టక్.

"కుడి. ఎడమ. కొంచెం కుడి. అబ్బే, ఎడమ."

"అన్నయ్యా, బేసు బిగిస్తున్నామా, బొంగరం తిప్పుతున్నామా?"

"మూడే మాటలు అనాలి నేను. బొంగరం అందులో లేదు. కుడి."

టక్ టక్ మని తట్టీ తట్టీ చిన్నల్లుడి నుదుటి మీద చెమట పోసింది. పెద్దల్లుడికి మొదట్లో చల్లగా ఉంది. తరవాత భయమేసింది. కుళ్ళుతో చూసీ చూసీ అతని కన్నుకి నిజంగానే ఏది సమమో తెలియడం మానేసింది. బద్దలు రెండూ తోడల్లుళ్ళలా ఒకదాన్నొకటి ఓరగా చూసుకుంటున్నాయి.

చిన్నల్లుడు సుత్తి బల్ల మీద పడేశాడు. "నా వల్ల కాదు. మీకేం, హాయిగా గుమ్మానికి జేరబడి రాజుగారిలా ఆజ్ఞలు వేస్తారు."

"ఏవిటీ? హాయా?"

"కాదా మరి! ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ వింటున్నాను. పెద్దల్లుడి కన్ను, పెద్దల్లుడి కన్ను అని. భోజనాల దగ్గర అదే, పెళ్ళిళ్ళలో అదే. నేను పెట్టిన పటం వంకరగా ఉందో లేదో కూడా మిమ్మల్నే పిలిచి అడుగుతారు. నన్ను ఒక్కసారంటే ఒక్కసారి ఆ గుమ్మంలో నిలబెట్టారా? సుత్తి ఎవడైనా కొడతాడన్నయ్యా. మామగారు నమ్మేది కన్నునే."

పెద్దల్లుడు గుమ్మం వదిలి ఒక అడుగు ముందుకి వేశాడు. తనని చూసి ఒకడు కుళ్ళుకుంటున్నాడు! ఇన్నేళ్ళు ఒంటరిగా మోసిన బరువుని పక్కవాడు కూడా మోస్తున్నాడు. ఒంట్లో తేనె పోసినట్టయింది. అత్తగారి టీలో ఎప్పుడూ తేలని మీగడ ఇప్పుడు గుండెల మీద తేలింది.

ఆ తీపిలోనే ఆలోచన మెరిసింది. చేతికే బల్ల.

"అంత మోజుగా ఉంటే రా తమ్ముడూ. నువ్వు గుమ్మంలో నిలబడు. సుత్తి నేను పడతాను."

"నిజంగానా?"

"మామగారికి చెప్పకు. పని బాగుందన్నాక నేనే చెప్తాను."

"నేనెందుకు చెప్తాను!"

ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఎదురుపడ్డప్పుడు ఒకరికొకరు మేలు చేసినట్టు చిరునవ్వులు కూడా ఇచ్చుకున్నారు. తల గుమ్మానికి ఆనించమని ఒక్క ముక్క చెప్పాలి పెద్దల్లుడు. నాలుక కొస మీద ఉంది. మింగేశాడు. అది నా ఆస్తి, ఎందుకు పంచాలి అనుకున్నాడు. చిన్నల్లుడు నడుం మీద చెయ్యి పెట్టి, ఒంటికాలి మీద బరువేసి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. చెయ్యి అయినవాడు తల ఎత్తకూడదు గనక పెద్దల్లుడు ఆ భంగిమ చూడలేదు.

"కుడి... ఇంకొంచెం... ఎడమ..." చిన్నల్లుడి గొంతులో పాట వినిపించింది. "ఆగు!"

పెద్దల్లుడు ఆగాడు. ఎడమచేత్తో డ్రిల్లు పట్టుకున్నాడు. మోచెయ్యి గోడకి కొట్టుకుంది. సున్నం రాలింది. కొట్టుకోనీ, రాలనీ అనుకున్నాడు. రంధ్రం వేసి, రీమరు పెట్టి శంకులా నునుపు చేశాడు. ఇనప పొడి చుట్టలు చుట్టలుగా, ఎండలో మెరుస్తూ ఒళ్ళో పడింది. పాలిష్ పట్టిన ఏళ్ళన్నీ ఆ చేతిలోకి వచ్చి కూర్చున్నాయి. పిన్నులు రెండూ తీసి, చేతి వాటం ఎటుంటే అటు నుంచి దిగ్గొట్టాడు. మూడు దెబ్బలకి దిగాయి. కిటికీ వెలుతురు ఇంత తియ్యగా ఉంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

సాయంత్రం మామగారు నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. డాక్టరు కళ్ళలో మందు పోశాడట, అంతా మంచులా ఉందన్నారు. వెనకాలే కోచ్ వచ్చింది. బోల్టు ఎక్కించి, అందరూ పెరట్లోకి నడిచారు. ఆమె ఇసక బస్తా మీద రైఫిలు ఆనించి, ఊపిరి బిగబట్టి నాలుగైదు గుండ్లు కాల్చింది. వెళ్ళి గురి అట్ట పట్టుకొచ్చింది.

"అన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి మామగారూ. సంసారం బాగుంది. ఇల్లే వేరేవాళ్ళది."

"ఎటు పోయాయి?"

"కుడికి. బాగా కుడికి."

ముందు సైటు ఎటు వాలితే గుండు దానికి ఎదురు దిక్కుకి పోతుంది. బేసు ఎడమకి వాలిందన్నమాట. మామగారు నల్లద్దాలు పెద్దల్లుడి వైపు తిప్పారు.

"ఏమయ్యా కన్నూ! ఇన్నేళ్ళలో ఒక్కసారీ మాట పడనివాడివి. ఎవరి మీద కోపం కళ్ళలో పెట్టుకుని చూశావు?"



మామగారు వేలితో బేసు చుట్టూ తడిమారు. "రంధ్రాల అంచులు చూడు, గోరుకి తగలట్లేదు. పిన్నులు గొట్టంలోంచి పుట్టినట్టున్నాయి. శభాష్ చిన్నల్లుడూ! నా చెయ్యి కూడా ఇంత నునుపుగా ఎప్పుడూ వెయ్యలేదు."

పెద్దల్లుడికి లోపల ఇల్లు తగలబడింది. తన చేతికి వచ్చిన మెప్పు ఆ పొడుగాటి భుజం మీద పడింది. ఆ పొడుగాటి కన్ను చేసిన తప్పు తన నెత్తి మీద పడింది. ఒకే దెబ్బకి రెండు వైపులా మోసపోయిన మనిషిని లోకం ఇదివరకు చూసి ఉండదు. నిజం చెప్తే మాట మీరి చోటు మార్చిన సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే బల్ల పోతుంది, కన్ను కూడా పోతుంది. చిన్నల్లుడి వైపు చూశాడు. చిన్నల్లుడు ఆకాశంలో ఏదో పక్షిని వెతుకుతున్నాడు. పక్షి లేదు.

"అది..." అన్నాడు పెద్దల్లుడు.

"ఉండు" అన్నారు మామగారు. ఆయన బొటనవేలు బేసు ఎడమ పక్కన ఆగింది. మళ్ళీ కుడి పక్కకి వెళ్ళింది. మళ్ళీ ఎడమకి వచ్చింది. "లావు కొస ఎడమవైపు ఉందేం?"

ఆయన ఇంకోసారి తడిమి ఖాయం చేసుకున్నారు.

"మా దుకాణంలో లావు కొస కుడివైపు ఉంటుంది. ఎడమ నుంచి దిగ్గొట్టాలంటే వాడికి ఎడమచెయ్యి ఉండాలి."

"ఈయన మోచెయ్యంతా సున్నమే మామగారూ" అంది కోచ్, పెద్దల్లుడి చొక్కా చూస్తూ.

"ఊ. గుమ్మంలో నిలబడింది ఎవరు?"

"నేనే మామగారూ" అన్నాడు చిన్నల్లుడు పక్షిని వదిలేసి.

"తల గుమ్మానికి ఆనించావా?"

"ఆనించాలా?"

మామగారు పెద్దల్లుడి వైపు తిరిగారు. "చెప్పలేదా?"

"అడగలేదు మామగారూ."

"ఉందని తెలిస్తే కదన్నయ్యా అడిగేది!"

మామగారు నవ్వలేదు, తిట్టలేదు. రైఫిలు ఒళ్ళో పెట్టుకున్నారు. "అమ్మా, రేపు పొద్దున రా. బేసు నిలబెట్టి, రంధ్రం ఇంకాస్త వెడల్పు చేసి లావు పిన్నులు వేస్తే సరిపోతుంది" అని కోచ్‌ని పంపించేశారు. తరవాత అన్నారు: "పెద్దల్లుడూ, వైసు విప్పి ఎడమచేతి వాటంగా బిగించుకో. కిటికీ బల్ల నీది. ఇంత చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళు నీతో పాలిష్ పట్టించాను, నా కళ్ళకి శుక్లాలు అప్పుడే వచ్చాయేమో."

పెద్దల్లుడి కాళ్ళు నేల మీద లేవు. అప్పటికప్పుడే వైసు విప్పడానికి రెంచీ అందుకున్నాడు. "మరి కన్ను ఎవరు మామగారూ?" అన్నాడు, ఇంకెవరుంటారన్న ధీమాతో.

"చిన్నల్లుడు. నువ్వే చెయ్యి అయినప్పుడు నువ్వే కన్ను ఎలా అవుతావు? నేర్పితే నేర్చుకుంటాడు. ఇటు రా బాబూ."

మర్నాడు పొద్దున పెద్దల్లుడు తన బల్ల దగ్గర, తన వైసు దగ్గర, తన వెలుతురులో తల దించుకుని నిలబడ్డాడు. మోచెయ్యి దేనికీ కొట్టుకోలేదు. వెనక గుమ్మంలో మామగారి గొంతు వినిపిస్తోంది, మెల్లగా, ముద్దుగా. "కాళ్ళ మడమలు దగ్గరికి పెట్టు. వీపు నిటారుగా. తల వెనక్కి ఆనించు. హడావిడి లేదు, బద్దలే నీతో మాట్లాడతాయి." అవే మాటలు. ఒకప్పుడు మామగారి చెయ్యి తన భుజం మీద ఉండేది. ఇప్పుడు ఉన్నది ఏ భుజం మీదో తిరిగి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చెయ్యి అయినవాడు చూడకూడదు.

"కుడి" అన్నాడు చిన్నల్లుడు.

టక్.

"ఆగు."

ఒక్క తట్టుతో! తను బొంగరంలా తిప్పించిన బేసు ఒక్క మాటతో నిలబడిపోయింది. కోచ్ వచ్చి కాల్చింది. గుండ్లన్నీ నడిమధ్యలో గూడు కట్టాయి. ఆమె ముందు గుమ్మం వైపు తిరిగి, "మంచి కన్ను" అంది. తరవాత బల్ల వైపు తిరిగి, "మంచి చెయ్యి" అంది. తరవాత! పెద్దల్లుడికి ఆ మాటల వరసే వినిపించింది.

అందరూ టీకి లోపలికి వెళ్ళాక అతను గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. తన మరక అక్కడే ఉంది, నల్లగా, అరచెయ్యంత. దానికి బెత్తెడు పైన, తాజాగా, తడిగా, రూపాయంత ఇంకోటి మొదలైంది. పొడుగాటి వెధవ.

చేతికి అందిన గుడ్డ తీసుకుని దాన్ని తుడిచాడు. పోలేదు. గట్టిగా తుడిచాడు. అది గొట్టాలు తుడిచే నూనె గుడ్డ. తుడిచినకొద్దీ చిన్నల్లుడి మరక మెరుస్తూ, పెరుగుతూ, కిటికీలోంచి వచ్చే ఎండంతా తన మీదికి లాక్కుంది.

"ఏమండీ" అంది భార్య వెనక నుంచి, టీ గ్లాసు పట్టుకుని. "మా మరిది కన్నుకి మెరుగు పెడుతున్నారా? పాలిష్ పని మానేశారనుకున్నానే."

గ్లాసు అందుకున్నాడు. మీగడ తేలుతోంది. అది తనకి పంపిందో, పొరపాటున మారిందో తెలియక, తాగకుండా చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.